రాక్షసుడు చచ్చిన తెల్లారి

భోజన్నకు గల్ఫ్‌లో పద్నాలుగేళ్లు నిండాయి. ఆ పద్నాలుగేళ్లలో ఆయన్ని "ఎత్తు" అన్నవాళ్లున్నారు, "దించు" అన్నవాళ్లున్నారు, "యల్లా, జల్దీ" అన్నవాళ్లకైతే లెక్కే లేదు. "నువ్వేం చేస్తావు?" అని అడిగినవాళ్లు మాత్రం 2005 దాకా ఒక్కరూ లేరు. ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవాణ్ని ఆ మాట ఎవరడుగుతారు చెప్పండి? సరుకు ఎక్కడుందో చూపిస్తారు, ఎక్కడ పెట్టాలో చూపిస్తారు. మధ్యలో తిన్నగా పోవడమొక్కటే మనిషి పని.

నిర్మల్ దగ్గరి పల్లె నుంచి తొంభై మూడులో వచ్చాడు. మొదటి నాలుగేళ్లు షార్జాలో సిమెంటు దిమ్మెలు మోశాడు. అక్కడ ఒక పఠాన్ ఆపరేటరు, తాను రొట్టె తినే అరగంటా ఈయన్ని తన బండి మీద కూర్చోబెట్టి పని నేర్పాడు. ఇవాళ తాను తింటున్న అన్నం ఆ పఠాను పెట్టిందేనని భోజన్న ఇప్పటికీ అంటాడు. లైసెన్సు వచ్చాక దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్కులో ఒక టైల్స్ గోడౌనుకు మారాడు. టైళ్ల పెట్టెల్ని ఆరో అంతస్తు ర్యాకు మీదికెక్కించి, ఒక్క పలకా చిట్లకుండా దించడంలో ఆయన్ని మించినవాడు అక్కడ లేడు. మాటల దగ్గర మాత్రం నోట్లో నాలుక లేని మనిషి. కార్మికుల క్యాంపు గదిలో ఎనిమిది మంది ఉంటే ఏడుగురు మాట్లాడతారు, భోజన్న వింటాడు.

శుక్రవారం సెలవు. దాని కోసం క్యాంపంతా ఆరు రోజులు కళ్లు కాయలు కాచేలా చూస్తుంది. భోజన్నకేమో ఆ సెలవంటేనే గుబులు. బట్టలుతికేసరికి తొమ్మిదవుతుంది. కార్డు గీకి ఇంటికి ఫోను చేసి భార్య లసుమవ్వతో మాట్లాడేసరికి పది. ఆ తర్వాత సాయంత్రం దాకా పై బంకు అడుగున ఉన్న రేకును చూస్తూ పడుకోవాలి. పని రోజుల్లో రాని దిగులు ఆ రేకులోంచే దిగేది.

అలాంటి ఒక శుక్రవారం, గోడౌను సూపర్‌వైజరు మురళి ఆయన్ని కరామాలోని తన ఇంటికి రమ్మన్నాడు. పాత బీరువా ఒకటి కొన్నాడట, లిఫ్టు లేని బిల్డింగులో మూడో అంతస్తుకు చేర్చాలి. మురళిది విజయవాడ. మంచివాడే, కాకపోతే ప్రతిదానికీ ఒక లిస్టు రాసుకునే రకం. ఇద్దరూ చెమటలు కక్కుతూ బీరువా చేర్చారు. మురళి భార్య అనంతలక్ష్మి టీ ఇచ్చింది. టీ తాగుతూ భోజన్న చూస్తే, హాల్లో చాప మీద ఒక పటం పరిచి ఉంది. దాని మీద పెప్సీ మూతలు, చింతగింజలు, ఆరు ముఖాలకు బదులు ఇరవై ముఖాలున్న వింత పాచిక ఒకటి. చుట్టూ అనంతలక్ష్మి తమ్ముడు ఆశిష్, ఎదురింట్లో ఉండే నర్సు దయారాణి.

"ఒక మనిషి తక్కువయ్యాడు, కూర్చోండి అన్నా," అన్నాడు ఆశిష్.

ఆశిష్ అక్కడికి దగ్గర్లోనే కంప్యూటర్ల కంపెనీలో పనిచేస్తూ అక్కా బావల దగ్గర ఉండేవాడు. హైదరాబాదులో కాలేజీ రోజుల్లో పట్టుకున్న పిచ్చి ఇది. ఎంత వద్దన్నా వినకుండా ఇంటిల్లిపాదికీ అంటించాడు. "ఇందులో పందెం లేదన్నా, గెలుపూ ఓటమీ లేవు," అని చెప్పాడు. "నేను కథ చెప్తాను. కథలో మీరు ఒక్కో మనిషి. ఎదురుగా ఏముందో నేను చెప్తే, ఏం చేస్తారో మీరు చెప్పాలి. అది కుదురుతుందో లేదో పాచిక తేలుస్తుంది. పెద్ద అంకె పడితే కుదిరినట్టు. సరే, మీ ముందు నది ఉంది. అవతల కోట. పడవ లేదు. ఇప్పుడు మీరేం చేస్తారు?"

భోజన్న వెనక్కి తిరిగి చూశాడు, ఎవరినడుగుతున్నాడా అని. వెనక బీరువా తప్ప ఎవరూ లేరు.

"ఏం జెయ్యమంటరు సారు?"

"నేనేమీ అనను. మీరే చెప్పాలి."

నలుగురూ తన నోటివంకే చూస్తున్నారు. భోజన్నకు చెవులు వేడెక్కాయి. చాలాసేపటికి, "గా ఒడ్డుకు గొర్లున్నయా?" అని అడిగాడు. ఆశిష్ ఉన్నాయన్నాడు. "అయితె ముందుగాల ఓ గొర్రెను దించుత. అది యాడిదాంక నడిస్తె ఆడిదాంక లోతు లేనట్టు. దాని ఎనక మీరు నడువుండ్రి." పాచిక వేయించారు. పందొమ్మిది పడింది. హాలంతా గొల్లున నవ్వింది. సూపర్‌వైజరు మురళి ఆయన వీపు మీద చరిచాడు. ఆ సాయంత్రం క్యాంపు బస్సులో భోజన్న కిటికీకి తల ఆనించి ఒక్కడే నవ్వుకుంటూ వెళ్లాడు. పక్కనున్నవాడు జ్వరమేమోనని నుదురు కూడా ముట్టి చూశాడు.

అప్పట్నుంచి రెండేళ్లు ఒక్క శుక్రవారం తప్పలేదు. జుమ్మా నమాజు కాగానే క్యాంపు బస్సు కరామా మీదుగా బర్ దుబాయ్ వైపు వచ్చేది, రాత్రి తొమ్మిదికి తిరిగి తీసుకుపోయేది. ఆ మధ్య గంటలు భోజన్నవి. కథలో ఆయన గొర్రెల కాపరి మల్లయ్య. మురళి యువరాజు. గోడౌనులో "సారు" తప్ప ఇంకోమాట అనని భోజన్న, చాప మీద మాత్రం "ఓ రాజు బిడ్డా, జర తల వంచుకొని నడు, కొమ్మ తాకుతది" అనేవాడు. మొదట్లో నాలుక తిరిగేది కాదు. తర్వాత్తర్వాత మురళే ఆ మాట కోసం ఎదురు చూసేవాడు. ఇద్దరి మధ్యా ఒక ఒప్పందం కూడా ఉంది: ఆట మాట గోడౌనులో ఎత్తకూడదు, గోడౌను మాట చాప మీద ఎత్తకూడదు.

ఇంటికి ఫోను చేసినప్పుడు లసుమవ్వ నవ్వేది. "గింత పెద్దోల్లయి బొమ్మరిండ్లు ఆడుకుంటున్నరా? అండ్ల నీకేమొస్తది?" అని. ఏమొస్తుందో భోజన్నకు తెలుసు గానీ చెప్పడం చేతకాలేదు. నలుగురు మనుషులు నోళ్లు మూసుకుని తన మాట కోసం కాచుకుని కూర్చోవడం అంటే ఏమిటో కార్డు మీద పది నిమిషాల్లో ఎలా చెప్పగలడు? "ఏమీ రాదే, మంచిగనిపిస్తది," అనేవాడు.

2007 జూన్‌లో ఆశిష్‌కు మస్కట్ బదిలీ అయింది. పాత కథను ఎలాగో ఒడ్డుకు చేర్చి, పాచికలు, ఆట రూల్సు పుస్తకం అక్క చేతిలో పెట్టి, "కొత్త కథ మొదలుపెట్టండి, ఆపొద్దు" అని వెళ్లిపోయాడు. చెప్పడం తేలికే. చెప్పేవాడు కావద్దూ?

ముందు మురళి పూనుకున్నాడు. పాపం, కష్టపడ్డాడు. పుస్తకం నలభై రెండో పేజీలో ఏముందో, యాభై ఏడో పేజీలో దానికి మినహాయింపు ఏముందో చదివి వినిపించాడు. మొదటి శుక్రవారం అడవిలోకి అడుగుపెట్టకుండానే చీకటి పడింది. రెండో శుక్రవారం దయారాణి నిద్రపోయింది. దయారాణిది పాలకొల్లు. ఊద్ మేతా చర్చిలో పొద్దున తెలుగు ఆరాధనకు వెళ్లి, వారమంతా నైట్ డ్యూటీలు చేసిన కళ్లతో వచ్చి కూర్చునేది. మూడో శుక్రవారం వెళ్లేముందు, "వచ్చేవారం నాకు కుదరదేమోనండి" అంది. అనంతలక్ష్మి కూడా చాప పరచడానికి ముందు రెండుసార్లు నిట్టూర్చింది.

భోజన్నకు గుండెలో రాయి పడింది. ఇలా ఒకరొకరుగా రావడం మానేస్తే ఆట ఉండదు. ఆట లేకపోతే కరామా రావడానికి తనకేం పని? ఈసారి మురళి కొనడానికి ఇంకో బీరువా కూడా లేదు. మళ్లీ ఆ బంకు, ఆ రేకు. ఈసారి దాన్ని తట్టుకోవడం తన వల్ల కాదని ఆయనకు బాగా తెలుసు, ఎందుకంటే ఇప్పుడు తెలిసిపోయింది శుక్రవారం అంటే ఏమిటో.

ఆ మాటే దయారాణికి ఆయన మొహంలో కనిపించిందో ఏమో, చెప్పులు తొడుక్కుంటూ ఆగి, "భోజన్న అన్నయ్య చెప్తే రానా, తప్పకుండా వస్తాను," అంది.

"నాకు ఆ ఇంగ్లీషు పుస్తకం ఎక్కడ సదువొస్తది చెల్లె?"

"పుస్తకం మురళి గారు చూసుకుంటారు. కథ మీరు చెప్పండి. రెండేళ్లనుంచి ఆటలో మనం నవ్విందంతా మీ మాటలకేగా."

భోజన్న కాదనలేదు. కాదంటే ఖలాస్ అని తెలుసు.

ఆ వారమంతా ఆయన వేరే లోకంలో ఉన్నాడు. టైళ్ల పెట్టెల అట్టలు చింపి, వాటి మీద బొగ్గుతో కొండలు, కోటలు, కాలువలు గీశాడు. చిన్నప్పుడు మేనత్త దగ్గర విన్న కథలన్నీ తవ్వుకున్నాడు. ఏడు కొండల అవతల ఒక రాక్షసుడు. ఊరి కాలువకు అడ్డంగా కూర్చుని నీళ్లన్నీ తానే తాగుతున్నాడు. వాణ్ని చంపాలి. ఎలా పోవాలి, దారిలో ఎవరెదురవుతారు, ఎవరెవరు ఏమంటారు, ఎక్కడ ఏడవాలి, ఎక్కడ నవ్వాలి, అంతా పూస గుచ్చినట్టు సిద్ధం చేసుకున్నాడు. బండి మీద కూర్చుని పెదాలు కదుపుతుంటే, పక్క బండివాడు మంత్రాలు చదువుతున్నాడనుకున్నాడు.

శుక్రవారం వచ్చింది. ముగ్గురూ కొత్త వేషాలు ఎంచుకున్నారు. అనంతలక్ష్మి గజదొంగ, మురళి కత్తివీరుడు, దయారాణి ఊరూరా తిరిగి మందులిచ్చే మందులమ్మ. భోజన్న మఠం వేసుకుని కూర్చుని, గొంతు తగ్గించి, "ఊఁ కొట్టేటోల్లు ఎవరు?" అని అడిగాడు.

అదిగో, కొంప అక్కడే మునిగింది. మనకు కథంటే ఊఁ కొట్టడం. చెప్పేవాడు చెప్తుంటే వినేవాడు ఊఁ అంటుండాలి, ఊఁ ఆగితే వినేవాడు నిద్రపోయాడని చెప్పేవాడు ఆపేస్తాడు. ఆ ముగ్గురూ అలా పెరిగినవాళ్లే. భోజన్న గొంతు అలా తగ్గేసరికి ముగ్గురూ ఆరేళ్ల పిల్లలైపోయారు. "నేను కొడతా," అంది అనంతలక్ష్మి, దిండు ఒళ్లో పెట్టుకుని.

ఇక చెప్పాడండీ భోజన్న. ఆ నోట్లో నాలుక లేని మనిషి మూడు గంటలు చెప్పాడు. గజదొంగ గోడెక్కింది. ఊఁ. కత్తివీరుడు తలుపు విరగ్గొట్టాడు. ఊఁ. పాము కరిచింది. ఊఁ. మందులమ్మ తన ప్రాణం ధారపోసి కత్తివీరుణ్ని బతికించి, తాను కన్నుమూసింది. దయారాణి చున్నీతో కళ్లొత్తుకుని, ముక్కు చీది, ఊఁ అంది. టీ చల్లారిపోయింది, ఎవరూ ముట్టలేదు. కత్తివీరుడు కత్తెత్తాడు. రాక్షసుడు కాలువకు అడ్డంగా ఒరిగిపోయాడు. "గిట్ల ఒడిసింది," అని భోజన్న కండువాతో మొహం తుడుచుకున్నాడు.

తర్వాత అనంతలక్ష్మి చాప వంక చూసింది. పెప్సీ మూతలు పెట్టినచోటే ఉన్నాయి. పాచిక సంచి ముడి కూడా విప్పలేదు.

"అదేంటన్నా, ఒక్కసారన్నా పాచిక వేశామా మనం?"

మురళికి నవ్వాగలేదు. "మొత్తం ఖలాస్ చేశావు కదయ్యా భోజన్నా! మేం ఆడటానికేమన్నా మిగిల్చావా?" అన్నాడు. ముగ్గురూ పడీపడీ నవ్వారు. ఎగతాళి కాదు, నిజంగా సంబరపడి నవ్వారు. భోజన్న కూడా నవ్వాడు.

బస్సెక్కాక మాత్రం తల తీసేసినట్టయింది. ఏడాది సాగాల్సిన ఆటను ఒక్క పూటలో మింగేసినందుకు కాదు. ఆ మూడు గంటల్లో తాను ఎవర్నీ ఒక్క మాట అడగలేదు. నువ్వు ఎక్కు, నువ్వు విరగ్గొట్టు, నువ్వు చచ్చిపో. పద్నాలుగేళ్లుగా తనకు అందరూ చేసిందే, అవకాశం చేతికి రాగానే తానూ వాళ్లకు చేశాడు. రెండేళ్లు తన మాట కోసం కాచుకున్న మనుషులకు తాను తిరిగి ఇచ్చింది ఇదా? సిగ్గుతో ఆ రాత్రి అన్నం కూడా తినలేదు.

తర్వాతి శుక్రవారం వెళ్లలేదు. ఓవర్‌టైమ్ అని కబురు పంపాడు. ఓవర్‌టైమ్ ఎవరికుందో రాసేవాడే మురళి, ఆయనకా ఈ అబద్ధం? ఆ పై శుక్రవారం కడుపునొప్పి అన్నాడు. ఆ రెండు శుక్రవారాలూ కరామాలో చాప పరవలేదని తర్వాత తెలిసింది.

ఆదివారం పొద్దున, గోడౌనులో ప్యాలెట్ ఎత్తబోతుంటే మురళి ఎదురొచ్చి ఆపమని చెయ్యి చూపించాడు. బండి ఆగాక తన ఫోను భోజన్న చేతిలో పెట్టి, కొంచెం దూరంగా నిలబడి, చేతిలో ఉన్న స్టాకు లిస్టును శ్రద్ధగా చదవడం మొదలుపెట్టాడు. లిస్టు తలకిందులుగా ఉంది.

"నన్ను చంపేసి హాయిగా పడుకున్నారా అన్నయ్యా?" అంది ఫోనులో దయారాణి. "రెండు వారాల్నుంచి ఆ కొండ మీద శవమై పడి ఉన్నానండి. కనీసం పూడ్చారో లేదో కూడా తెలీదు."

"డ్యూటీల ఉన్న చెల్లె."

"నేనూ డ్యూటీలోనే ఉన్నాను. చెప్పండి, ఎందుకు రావట్లేదు?"

భోజన్న హ్యాండిల్ మీద దుమ్ము తుడిచాడు. "నాతోని గాదు. ఆడుడొస్తది గని ఆడిచ్చుడు రాదు. అంత నేనే జెప్పిన. మిమ్ముల ఒక్క మాట అడుగలే. మస్తు తప్పయింది."

"మేం మాత్రం ఏం ఒరగబెట్టామండి? ఒక్కళ్లమైనా, ఆగండి, నేను గోడెక్కను అన్నామా? ముగ్గురం నోళ్లు తెరుచుకుని ఊఁ కొడుతూ కూర్చున్నాం. తప్పును నాలుగు వాటాలు వెయ్యండి, మీకొచ్చేది పావు వంతే." గొంతు కొంచెం తగ్గించింది. "నాకు వారంలో మనుషులతో కూర్చుని నవ్వేది ఆ ఒక్క పూటే అన్నయ్యా. మీరు రాకపోతే నాదీ పోతుంది. రండి. రొయ్యలు వండుతాను."

తనకే ఆ పూట అవసరమనుకున్నాడు ఇన్నాళ్లూ. భోజన్న ఫోను రెండో చెవికి మార్చి, "సచ్చినోల్లు రొయ్యలెట్ల వండుతరు చెల్లె?" అన్నాడు. అటువైపు దయారాణి పకపకా నవ్వింది. ఫోను తిరిగిస్తుంటే మురళి "ఆ మూడో ర్యాకు చూసుకో" అని వెళ్లిపోయాడు.

వస్తానన్నాడు సరే, ఏం చెప్పాలి? రాక్షసుడు చచ్చాడు, కథ అయిపోయింది. మూడు రోజులు ఏమీ తోచలేదు. బుధవారం నాడు గోడౌను గేటులో ఒక ట్రైలర్ ఇరుసు విరిగి అడ్డంగా కూలబడింది. లోపలివి లోపల, బయటివి బయట. ముదీర్, అంటే మేనేజరు, వచ్చాడు, మెకానిక్ వచ్చాడు, అందరూ నడుం మీద చేతులు పెట్టుకుని చుట్టూ తిరుగుతున్నారు. ఎవరికీ ఏం చెయ్యాలో పాలుపోవడం లేదు. భోజన్న బండి మీద కూర్చుని అది చూస్తూ చూస్తూ ఉన్నట్టుండి ఫక్కున నవ్వాడు. ముదీర్ కోపంగా చూసినా ఆ నవ్వు ఆగలేదు.

శుక్రవారం అట్టముక్కలేవీ పట్టుకెళ్లలేదు. రొయ్యల కూరతో కడుపునిండా తిన్నాక చాప మీద కూర్చుని, పాచిక సంచి ముడి తానే విప్పి మధ్యలో పెట్టాడు.

"రాక్షసుడు సచ్చిన తెల్లారి," అని మొదలుపెట్టాడు. "ఎండెక్కింది. వాడు కాలువకు అడ్డంగ పడున్నడు. తల ఈ ఒడ్డుకు, కాళ్లు ఆ ఒడ్డుకు. నీళ్లు ఆగినయ్. ఈగలు ముసురుతున్నయ్. ఊరోల్లంత ముక్కులు మూసుకొని మీ దిక్కే చూస్తున్నరు. ఏం జేస్తరు?"

"ఊఁ," అంది అనంతలక్ష్మి, అలవాటు కొద్దీ.

"ఊఁ గాదక్క. ఏం జేస్తవ్, చెప్పు."

చెప్పి నోరు మూసుకున్నాడు. ఎంత కష్టమో! ముగ్గురూ మొహమొహాలు చూసుకుంటుంటే, ఆయనకు నాలుక చివర పది మాటలు దురదపెట్టాయి. ఫోర్క్‌లిఫ్ట్‌తో బరువు పైకెత్తి ముందు దారి కనపడనప్పుడు, ఎదురుగా నిలబడ్డ మనిషి చెయ్యి ఊపేదాకా బండి అంగుళం కూడా కదపకూడదు. చుట్టూ ఎవరెంత అరిచినా సరే. భోజన్న తన రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని అలాగే కూర్చున్నాడు.

ముందు మురళి తేరుకున్నాడు. ముక్కలు చేసి ఎడ్లబండ్ల మీద తరలిస్తానన్నాడు. పాచిక వేస్తే నాలుగు పడింది. కత్తి రాక్షసుడి పక్కటెముకల్లో ఇరుక్కుపోయింది, ఎంత లాగినా రాదు. "రెండెడ్లను కట్టి లాగాల్నేమో," అన్నాడు భోజన్న. మురళి స్వయంగా లేచి నిలబడి లాగి చూపించాడు. నవ్వులు. "మీరుండండి," అని అనంతలక్ష్మి ముందుకొచ్చింది. "నేను దొంగను కదా. వాడి మొలలో ఏముందో వెతుకుతా." పాచిక వేసింది. పద్దెనిమిది.

పద్దెనిమిది పడితే ఏదో ఒకటి దొరకాలి. ఏం దొరికింది? భోజన్న దీనికి సిద్ధపడి రాలేదు. బంగారం అందామనుకున్నాడు. నోరు తెరిస్తే వేరే మాట వచ్చింది.

"మూట ఉన్నది. మూటల చెప్పులు. చిన్నపిల్లల చెప్పులు రెండు జతలు. కొత్తయి."

కిందటేడు క్యాంపులో వాళ్ల పక్క గదిలోనే ఉండే పైపు ఫిట్టరు వెంకట్రాములు నిద్రలోనే పోయాడు. కాగితాలు కదిలి శవం ఊరికి చేరడానికి ఇరవై ఆరు రోజులు పట్టింది. వాడి బంకు కింద, పిల్లల చెప్పులతో సహా సర్దిన అట్టపెట్టెకు టేపు వేసింది భోజన్నే. కంపెనీ తరఫున ఆ కాగితాల కోసం తిరిగింది మురళి. ఇద్దరూ ఆ సంగతి ఒకరితో ఒకరు ఎన్నడూ మాట్లాడుకోలేదు. ఇప్పుడు మురళి తల వంచుకుని పెప్సీ మూతను అటూ ఇటూ తిప్పుతున్నాడు.

"వాడికి పిల్లలున్నారా?" అంది అనంతలక్ష్మి మెల్లగా.

"ఉన్నట్టున్నరు అక్క," అన్నాడు భోజన్న. తనకూ ఇప్పుడే తెలిసింది.

దయారాణి పాచిక అందుకుంది. "నేనెలాగూ చచ్చినదాన్నే కదండీ. చచ్చినవాళ్లు చచ్చినవాళ్లతో మాట్లాడొచ్చా?"

"ఎయ్యి, చూద్దాం."

పదిహేడు పడింది. దయారాణి చాప మీద కొంచెం ముందుకు జరిగి, వార్డులో కొత్త పేషెంటును పలకరించినట్టు అడిగింది. "మీది ఏ ఊరండీ?"

ఇక రాక్షసుడుగా భోజన్నే జవాబు చెప్పాలి. "శాన దూరం బిడ్డా," అన్నాడు. "ఏడు కొండలు గాదు, ఇంక అవుతల. ఇంటికాడ నీళ్లు లేక గీడికొచ్చిన. పోదమనే అనుకున్న."

మురళి మూతను చాప మీద పెట్టేశాడు. "ముక్కలు చెయ్యొద్దు," అన్నాడు. మళ్లీ అన్నాడు. "ముక్కలు చెయ్యొద్దు భోజన్నా. నేను కత్తి అక్కడే వదిలేస్తున్నాను. వాణ్ని ఇంటికి చేరుద్దాం."

భోజన్న ముగ్గురినీ చూశాడు. వాళ్లు ఇలా అంటారని ఆయన కలలో కూడా అనుకోలేదు. తాను ఒక శవాన్ని పడేసి ఏం చేస్తారని అడిగాడంతే. దాన్ని భుజానికెత్తుకున్నది వాళ్లు. నేర్పిన ఆశిష్‌కూ, కూర్చోనిచ్చిన ఈ ఇంటికీ, ఫోను చేసి పిలిచిన ఈ ఆడపిల్లకూ మనసులోనే దండం పెట్టుకున్నాడు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి, దాచుకోలేదు.

"కొండంత మనిషిని ఎట్లా మోసుకెళ్తాం?" అంది అనంతలక్ష్మి. "ఎన్నాళ్లు పడుతుందన్నా?"

"తలా ఓ భుజం పట్టినా ఏడాదికి తక్కువ గాదక్క," అన్నాడు భోజన్న. కొంచెం ఆగి, భయం భయంగానే అడిగాడు. "అన్ని శుక్రారాలు వస్తరా మరి?"

"రాకపోతే వాడి పిల్లలకి ఎవరు చెప్తారండీ?" అంది దయారాణి.